కోతల కాలంలో కూలీల బొమ్మలు గీయడం ఎలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చిత్రకళ నేర్చుకుంటున్న వారిలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు వరికోతనో, పత్తి ఏరే ఆడవాళ్లనో గీస్తారు. ఆ బొమ్మలు తరచుగా ఒకే తీరున ఉంటాయి: పచ్చని బంగారు రంగు పొలం, ఎర్ర చీర, నడుము వంచిన మనిషి, వెనక తాటిచెట్టు, దిగిపోతున్న పొద్దు. అటువంటి బొమ్మను ఆ పని చేసే మనిషికి చూపిస్తే, కొడవలి పట్టిన చేతిలో తప్పు, అడుగు పడిన దిక్కులో తప్పు, కట్ట కట్టిన తీరులో తప్పు ముందుగా ఆమె కంటికే కనిపిస్తాయి. ఆమె తప్పు పట్టలేని బొమ్మ గీయడం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. పనిని సరిగా గీయడమే పనిచేసే మనిషికి చిత్రకారుడు ఇవ్వగలిగిన మొదటి గౌరవమని నేను గట్టిగా నమ్ముతాను. రంగులూ, శైలీ, సొంత ముద్రా ఆ తర్వాతి మాటలు.

పనిని ఎంచుకోవడం

ముందుగా పనిని ఎంచుకోవాలి, మనిషిని ఆ తర్వాత. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వానాకాలం, యాసంగి రెండు పంటలూ వరి పండుతుంది కాబట్టి కోతలు ఒకసారి కార్తీకం నాటికి, మరోసారి ఎండాకాలం మొదట్లో వస్తాయి. అయితే అక్కడ ఇప్పుడు ఎక్కువ భాగం కోసేది హార్వెస్టరే. మిషను దిగలేని తడి మడిలో, గాలివానకు పడిపోయిన పైరులో, మిషను తిరగలేని మూలల్లో, చిన్న చిన్న చెల్కల్లో మాత్రమే కొడవలితో కోసే మనుషులు కనిపిస్తారు. వరికోతను గీయదలచినవారు ముందు ఈ సంగతి తెలుసుకుని, ఏ ఊళ్లో ఎక్కడ చేతికోత జరుగుతున్నదో అడిగి వెళ్లాలి. పాత బొమ్మలను చూసి ఊహించి గీసిన కోత ఎంత అందంగా ఉన్నా అది ఈ ఊళ్లదీ కాదు, ఈ కాలానిదీ కాదు.

పత్తి అలా కాదు. దేవరకొండ, మునుగోడు వైపూ, అచ్చంపేట, కల్వకుర్తి వైపూ పత్తి చేతులతోనే ఏరుతున్నారు. దసరా, దీపావళి రోజుల్లో మొదలైన ఏరుడు సంక్రాంతి దాకా, కొన్నిచోట్ల ఆ తర్వాత కూడా సాగుతుంది. మొదటిసారి ఏరేటప్పుడు చెట్టు పచ్చగా, కాయలు నిండుగా ఉంటాయి. చివరిసారికి ఆకు రాలి, కొమ్మ ఎండి, విచ్చిన కాయ మొనలు గట్టిపడి వేళ్లకు గీరుకుంటాయి. ఒకే చేనును ఈ రెండు వేళల్లో గీసి పక్కపక్కన పెట్టుకుంటే, రంగుల గురించి పుస్తకం చెప్పలేనిది ఆ చేను చెబుతుంది. నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు యాసంగి పల్లి చేలు ఉంటాయి. అక్కడ మొక్కలు పీకడం ఒక పని, కూర్చుని కాయ తెంపడం మరొక పని. కొత్తగా నేర్చుకునేవారు కాయ తెంపే పనితో మొదలుపెట్టడం మేలు. మనుషులు చాలాసేపు ఒకేచోట కూర్చుని ఉంటారు, చేతుల కదలిక మాత్రమే మారుతుంది, మాట్లాడుకుంటూ ముఖాలు ఎత్తుతారు.

అడగడం

చేను యజమాని ఒప్పుకున్నంత మాత్రాన కూలీలు ఒప్పుకున్నట్లు కాదు. ఈ ప్రాంతంలో ఈ మాటకు బరువు ఎక్కువ. వెట్టిచాకిరీ మీద తిరగబడిన నల్లగొండ పల్లెలు 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటానికి గుండెకాయగా నిలిచాయి. దొర "అక్కడ నిలబడు" అంటే నిలబడక తప్పని కాలాన్ని చూసిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. గట్టు మీద నిలబడి ఆసామి "ఏయ్, ఇటు తిరుగుండ్రి, సారు బొమ్మ గీస్తడట" అని కేక వేస్తే, ఆ క్షణంలో గీయడం ఆపేయడమే చిత్రకారుడి మర్యాద.

నేరుగా వారి దగ్గరికి వెళ్లి, వయసును బట్టి అక్కా, అవ్వా, అన్నా అని పిలిచి, తమ ఊరూ పేరూ చెప్పుకుని అడగాలి. "అక్కా, మీరు పని చేసుకుంటుంటే నేను ఈడ కూసొని బొమ్మ గీసుకోవచ్చునా?" అన్న ఒక్క మాట చాలు. ఎవరైనా వద్దంటే ఆమెను వదిలిపెట్టాలి. గుంపులో మిగతావారు సరేనన్నా ఆమె మాత్రం బొమ్మలోకి రాకూడదు. పని ఆపి నిలబడమని అడగవద్దు. పత్తికి కిలో లెక్కన కూలి ఇచ్చేచోట, గుత్తకు తీసుకున్న నాట్లలో, ఆగిన ప్రతి నిమిషమూ వారి కూలిలోనే తగ్గుతుంది. ముఖచిత్రం కోసం ఎవరినైనా కూర్చోబెట్టుకోక తప్పకపోతే, పని లేని పూట చూసుకుని, ఆ పూట కూలికి తక్కువ కాకుండా ముందే మాట్లాడుకుని ఇవ్వాలి.

ఎక్కడ కూర్చోవాలన్నది కూడా మర్యాదకు సంబంధించిన విషయమే. వంగి పనిచేసే ఆడవాళ్ల వెనక కూర్చుని గీయడం, ఫోటో తీయడం తప్పు. ముందు నుంచి గానీ, పక్కగా కొంచెం ముందుకు జరిగి గానీ, నేల మీద కూర్చోవాలి. అలా కూర్చుంటే వంగిన మనిషి ముఖం కంటి ఎత్తులో కనబడుతుంది. చూపు పై నుంచి పడదు. బొమ్మ కూర్పుకూ అదే మంచిది.

వంగిన శరీరం

పొలం పనుల బొమ్మల్లో ఎక్కువ తప్పులు నడుము దగ్గర జరుగుతాయి. వీపును విల్లులా వంచి గీసేస్తారు. ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి వీపు దగ్గర కాకుండా తుంటి దగ్గర వంగుతుంది. వీపు దాదాపు బల్లపరుపుగా ఉంటుంది, మోకాళ్లు కొద్దిగా సడలి ఉంటాయి, పాదాలు ఎడంగా ఉంటాయి. తల బరువు, భుజాల బరువు ముందుకు వెళ్తాయి కాబట్టి వాటికి సరితూగేలా తుంటి మడమలకన్నా వెనక్కి జరుగుతుంది. బొమ్మలో తుంటిని మడమల మీదే నిలబెడితే ఆ మనిషి ముందుకు పడిపోతున్నట్టే కనిపిస్తుంది. అందుకే ముందు మడమ నుంచి తుంటికి ఒక గీత, తుంటి నుంచి భుజానికి మరో గీత గీయండి. ఈ రెండు గీతల కోణం కుదిరితే తల, చేతులు, చీర మడతలు తర్వాత వాటంతటవే కూర్చుంటాయి. కోణం కుదరకపోతే ఎంత షేడింగు చేసినా ప్రయోజనం ఉండదు. ఆ కాగితం పక్కన పెట్టి మళ్లీ గీయడమే మార్గం.

పనుల మధ్య తేడాలను కూడా ఇలాగే కనిపెట్టాలి. నాటు వేసేవారు వెనక్కి నడుస్తారు. కోసేవారు ముందుకు నడుస్తారు. ఇంత చిన్న విషయం తెలియక, వేసిన నాటును తొక్కుకుంటూ ముందుకు నడిచే ఆడవాళ్ల బొమ్మలు గీసినవారు ఎందరో ఉన్నారు. కోసే మనిషి ఎడమ చేతితో కొన్ని దుబ్బుల్ని వరసగా పట్టుకుంటూ, కుడి చేతి కొడవలిని నేలకు దగ్గరగా తన వైపు లాగుతుంది. పిడికిలి నిండగానే దాన్ని కొయ్యకాళ్ల మీద పక్కకు వేస్తుంది. అన్ని పిడికిళ్ల వెన్నులూ ఒకే దిక్కుకు ఉంటాయి, ఎందుకంటే తర్వాత కట్ట కట్టేవారికి అలా ఉంటేనే పని సాగుతుంది. బొమ్మలో పడివున్న వరిని అడ్డదిడ్డంగా గీస్తే, పని తెలిసినవారికి అది పనిచేతగాని గుంపులా కనబడుతుంది. పత్తి ఏరేవారు అంతగా వంగరు. చెట్టు ఎత్తును బట్టి కొద్దిగా ముందుకు ఒరిగి, రెండు చేతులతోనూ ఏరి, నడుముకు కట్టిన ఒడిలో వేస్తారు. ఉదయం ఒడి చదునుగా ఉండి, పొద్దెక్కేకొద్దీ ఉబ్బి, మనిషి నడకనే మార్చేస్తుంది. ఒడి నిండిన మనిషి వీపును వెనక్కి వాల్చి నడుస్తుంది. ఆ వాలు గీయడానికి చాలా ఓపిక కావాలి, కానీ దానిలోనే ఆ పూట చేసిన పని మొత్తం కనబడుతుంది.

పని చేసే మనిషి ఒక భంగిమలో ఆగదని నిరాశపడవద్దు. పొలం పని అంతా పునరావృతమే. ఒకే కాగితం మీద ఐదారు బొమ్మలు ఒకేసారి మొదలుపెట్టండి: వంగినది ఒకటి, పిడికిలి లాగినది ఒకటి, పక్కకు వేసినది ఒకటి, నడుము ఎత్తి కొంగుతో చెమట తుడుచుకున్నది ఒకటి. ఆమె ఏ భంగిమకు తిరిగి వస్తే ఆ బొమ్మ దగ్గరికి మీరూ తిరిగి వెళ్లి రెండు గీతలు చేర్చండి. మెత్తని పెన్సిలు గానీ బొగ్గు గానీ దీనికి సరిపోతుంది. రబ్బరు ఇంట్లోనే వదిలి వెళ్లండి, ఎందుకంటే తుడిచే సమయంలో చూడవలసిన కదలిక దాటిపోతుంది. ప్రతి కాగితం మూలన పంట, వేళ, ఎన్నో మడి, ఎంతమంది, కూలి ఎంత అన్నది రాసుకోండి. 1946లో ఉత్తర బెంగాల్‌లో పంటలో మూడింట రెండు వంతుల కోసం కౌలుదారులు చేసిన తెభాగా ఉద్యమం మధ్యకు బెంగాలీ చిత్రకారుడు సోమనాథ్ హోర్ వెళ్లినప్పుడు, బొమ్మలతో పాటు రోజువారీ రాత కూడా రాసుకున్నారు. ఆ రాత పక్కన ఉండబట్టే ఆ గీతల్లోని మనుషులు ఎవరో, ఎందుకు అలా నిలబడ్డారో ఈనాటికీ తెలుస్తున్నది.

బట్ట, రంగు

పత్తి చేలలో, వరి మళ్లలో పనిచేసే ఆడవాళ్లు చాలామంది చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుంటారు. ఆకు కోసుకోకుండా, ఎండ తగలకుండా అది కాపాడుతుంది. తలకు తువ్వాలో, పాత చీర ముక్కో చుట్టుకుంటారు. చీర కుచ్చిళ్లను పైకి దోపుకుంటారు లేదా గోచీ పోస్తారు. "బొమ్మ చెడిపోతుంది" అని ఈ చొక్కాను తీసేసి ఉత్త చీర గీసే చిత్రకారులు ఎక్కువ. దయచేసి చొక్కా గీయండి. వెలిసిపోయిన గళ్ల చొక్కా, దాని కింద నుంచి కనిపించే చీర అంచు, మడిచిన చేతులు, ఇవన్నీ రంగుల కూర్పుకు కూడా కొత్త దారులు ఇస్తాయి.

తెలంగాణ పల్లె ముఖానికి చిత్రకళలో పెద్ద చోటు సంపాదించిన పెద్దలు మనకున్నారు: సిద్దిపేట కాపు రాజయ్య, తోట వైకుంఠం, నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మా గౌడ్, ఉమ్మడి నల్లగొండ జిల్లా కదిరేనిగూడెంలో పుట్టిన ఏలె లక్ష్మణ్. వారిని బాగా చూడండి, వారి గీతను నకలు చేసి నేర్చుకోండి. కానీ వైకుంఠం గారి పెద్ద బొట్టునూ, నిండు రంగులనూ అరువు తెచ్చి మీ పొలంలోని మనిషికి అతికించవద్దు. ఆ రంగులు ఆయన తన జ్ఞాపకంలోంచి సంపాదించుకున్నవి. మీ కళ్ల ముందున్న మనిషి నుదుట మధ్యాహ్నానికి చెమటతో చెరిగిన బొట్టు ఉంటుంది, అదే మీది.

పండిన వరి పూర్తిగా పసుపు కాదు. వెన్ను పండి వంగినా కింది ఆకుల్లో ఆకుపచ్చ మిగిలే ఉంటుంది. కోసిన కొయ్యకాళ్ల మధ్య నీడ ముదురు గోధుమకూ ఊదాకూ మధ్య ఉంటుంది. ఎండిన గడ్డి తెలుపుకు దగ్గరగా పాలిపోతుంది. ట్యూబులోని ప్రకాశవంతమైన పసుపుతో మొదలుపెట్టకుండా, యెల్లో ఓకర్‌లో కొద్దిగా ఆకుపచ్చ కలిపి మొదలుపెట్టండి. నల్లని చర్మానికి గోధుమ రంగు ఒక్కటే పులమడం ఇంకొక పొరపాటు. బర్న్ట్ సియెన్నాలో అల్ట్రామెరైన్ కలిపితే లోతైన నలుపు వస్తుంది. చెమట పట్టిన మెడ మీద, ముంజేతి మీద ఆకాశపు నీలం ప్రతిఫలించే చోట పలుచని చల్లని రంగు పెట్టాలి. యాసంగి కోతల నాటికి ఎండ నడినెత్తికి వచ్చి నీడలు పాదాల కిందికి చేరతాయి. కార్తీక, మార్గశిర మాసాల్లో నీడలు పొడుగ్గా పక్కకు పడతాయి, పొద్దున మంచు దూరపు గుట్టలను దాచేస్తుంది. ఈ రెండు వెలుగులను కలిపి ఒకే బొమ్మలో పెట్టకూడదు. నల్లరేగడి, ఎర్ర చెల్క నేలల రంగులు కూడా ఇంతే. ఏ నేలలో నిలబడి గీశారో ఆ నేల పాదాల మీది దుమ్ములో కూడా కనిపించాలి.

కూర్పు: విశ్రాంతీ, ఎవరి పంట అన్నదీ

1565లో పీటర్ బ్రూగెల్ గీసిన గోధుమ కోతల చిత్రం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. దాన్ని ఇంటర్నెట్‌లో పెద్దదిగా తెరిచి చూడండి. ఒక పక్క కోసేవారు కోస్తూనే ఉంటారు. చెట్టు కింద కొందరు తింటూ ఉంటారు. ఒకడు కాళ్లు బార చాపి నిద్రపోతాడు. గోధుమ మధ్య దారిలో ఒక మనిషి కూజాలు మోసుకుని వస్తాడు. పనిని ఒక రోజంతటిగా చూడడం అంటే ఇదే. మన బొమ్మల్లో సద్ది తినే వేళ ఎందుకో చాలా అరుదు. గట్టు మీద వేపచెట్టు నీడలో టిఫిన్ గిన్నెలు విప్పి, తొక్కు పంచుకుని, పది నిమిషాలు కొంగు పరచుకుని పడుకునే మనుషులను గీయండి. పని ఎంత బరువైనదో వంగిన వీపుకన్నా ఆ నిద్ర స్పష్టంగా చెబుతుంది.

జాన్ ఫ్రాన్స్వా మిలే 1857లో గీసిన పరిగె ఏరే స్త్రీల చిత్రంలో కూర్పే వాదన. ముందు ముగ్గురు స్త్రీలు కోత అయిపోయిన చేనులో రాలిన కంకులు ఏరుకుంటారు. ఇద్దరు పూర్తిగా వంగి, మూడో ఆమె సగం లేచి. వెనక దూరంగా ఎండలో ఎత్తైన కుప్పలు, బండి, గుర్రం మీద కాపలా చూసే మనిషి. మూడు శరీరాలూ దాదాపుగా దిగంత రేఖకు కిందనే ఉండిపోయాయి. పంట ఎంత ఉందో, అది ఎవరిదో, వీరికి దక్కేది ఎంతో ఒక్క మాట లేకుండా తెలుస్తుంది. నార్మండీలో రైతు ఇంట పుట్టిన మిలే ఆ పనిని చిన్ననాటి నుంచి ఎరిగినవాడు. తర్వాత 1889లో సెయింట్ రెమీ ఆసుపత్రిలో ఉన్న వాన్ గో, మిలే పొలం పనుల బొమ్మల నలుపు తెలుపు అచ్చులను ముందు పెట్టుకుని రంగుల్లో మళ్లీ గీసి నేర్చుకున్నాడు. మీరూ అలా చేయవచ్చు. అయితే నేర్చుకోవలసింది ఆ ఫ్రెంచి టోపీలను కాదు, ముందు వెనకల అమరికను. మీ బొమ్మలో కూలీలు ముందుంటే వెనక ఏముంది? ఆసామి మోటారు సైకిలా, కాంటానా, లారీనా, మిల్లు పొగగొట్టమా? అది నిర్ణయించాకే పెద్ద కాగితం తీయండి.

మిషను, కొనుగోలు కేంద్రం, వలస

హార్వెస్టర్‌ను బొమ్మలోంచి తీసివేయడం ఇప్పుడు అబద్ధం చెప్పడమే. మిషను కోసిన తర్వాత మనుషుల పని మహిళా సంఘాలు నడిపే ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రానికి మారింది, అక్కడికి వెళ్లి గీసేవారే తక్కువ. తేమ 17 శాతానికి దిగితే గానీ వడ్లు తూకానికి రావు కాబట్టి, ఆడవాళ్లూ ముసలివాళ్లూ రోజుల తరబడి వాటిని ఆరబోసి తిరగేస్తారు. ఆరబోసిన వడ్ల మీద పాదాలు ఈడ్చుకుంటూ నడిచినప్పుడు సన్నని సాళ్లు పడతాయి. గీత మీద ప్రేమ ఉన్న చిత్రకారుడికి ఇంతకన్నా మంచి దృశ్యం ఈ జిల్లాల్లో దొరకదని నా అభిప్రాయం. మబ్బు పట్టగానే టార్పాలిన్ పట్టాలు లాగే హడావిడి, 40 కిలోల బస్తాను వీపు మీదికి ఎత్తుకునే హమాలీల మెడ నరాలు, వరసలో తమ వంతు కోసం కుప్ప పక్కనే పడుకునే రైతులు, ఇవన్నీ కోతల బొమ్మలే.

పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ చిత్రకారులకు ఇంకో బాధ్యత ఉంది. ఇక్కడి కూలీలు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, ముఠాలుగా దేశమంతా తిరిగి ఆనకట్టలూ కాలువలూ కట్టారు. పాలమూరు లేబర్ అన్న పేరు అలా వచ్చింది. అదే సమయంలో మన మడుల్లో నాట్లు వేయడానికి బీహార్, పశ్చిమ బెంగాల్‌ల నుంచి మగవాళ్ల ముఠాలు వస్తున్నాయి. ఊళ్లోని ఆడవాళ్లు మాత్రమే నాటు వేస్తున్నట్టు గీయడం ఇక అన్నిచోట్లా నిజం కాదు. వలసను గీయదలచినవారు శాంతినికేతన్‌లో శిల్పి రామ్‌కింకర్ బైజ్ 1938లో సిమెంటు, ఎర్ర గులకరాళ్లతో చేసిన సంతాల్ కుటుంబం శిల్పాన్ని చూడాలి. తల్లీ తండ్రీ పిల్లలూ కుక్కా, ఉన్న కాస్త సామానూ మోసుకుని నడుస్తుంటారు. వారి అడుగులో జాలి కోరడం లేదు. పనికి వెళ్లే మనుషుల దృఢత్వం ఉంది. బస్టాండులో మూటల మీద కూర్చున్న కుటుంబాన్ని గీసేటప్పుడు ఆ అడుగు గుర్తుంచుకోండి. పిల్లలను గీయవలసి వస్తే తల్లిదండ్రులను అడగకుండా గీయకండి, వారి ముఖాలను గుర్తుపట్టేలా బయట పెట్టకండి.

చూపించడం, పేరు పెట్టడం

బొమ్మ పూర్తిచేసే ముందు, పెన్సిలు దశలోనే దాన్ని చేనుకు తిరిగి తీసుకెళ్లి చూపించాలి. మెచ్చుకోలు కోసం కాకుండా, "దీంట్ల తప్పేమున్నదో చెప్పు అవ్వా" అని అడగాలి. కట్ట ఇలా కట్టరనో, చాట ఆ చేత్తో పట్టరనో చెప్పినవన్నీ అక్కడికక్కడే దిద్దుకోవాలి. కూర్పు గురించి మీ నిర్ణయం మీదే కావచ్చు గానీ పని గురించి వారి మాటే చివరి మాట. బొమ్మలో గుర్తుపట్టేలా ఉన్న ప్రతి మనిషికీ ఒక నకలు లేదా మంచి ప్రింటు ఇవ్వండి. అమ్ముడైతే వచ్చిన దాంట్లో ఎంత ఇస్తారో గీయకముందే మాట్లాడుకోవడం ఇంకా మంచిది.

పేరు పెట్టేటప్పుడు అన్నదాత, శ్రమదేవత వంటి పెద్ద మాటలు వద్దు. వాటి వెనక మనిషీ పనీ రెండూ కనబడకుండా పోతాయి. "పత్తి, మూడో ఏరుడు, మధ్యాహ్నం", "పడిపోయిన వరిని కోయడం", "తేమ తగ్గలేదు" వంటి పేర్లు చాలు. మనిషి పేరు ఆమె ఒప్పుకుంటేనే, ఆమె చెప్పిన తీరులోనే రాయాలి. బొమ్మ వెనక ఊరు, నెల, సంవత్సరం, పంట, ఆనాటి కూలి చెరగని సిరాతో రాసి, సంతకం దాని కింద పెట్టండి.